బండి మీద డబ్బా

జనగామ చౌరస్తాలో ఏ ఉదయమైనా పది నిమిషాలు నిలబడి వచ్చేపోయే మోటారు సైకిళ్లను చూడండి. ముందు ఇంటాయన. వెనుక ఒక పక్కకు తిరిగి కూర్చున్న ఇల్లాలు. ఆమె ఒడిలో బట్టల సంచి, వేలికి టిఫిన్ గిన్నె, మోచేతి మీద నీళ్ల సీసా వేలాడుతున్న బుట్ట. బండిని పట్టుకోవడానికి ఆమెకు మిగిలిన చెయ్యి ఏది? గుంత వచ్చినప్పుడు, కుక్క అడ్డం వచ్చినప్పుడు ఆమె సంచిని పట్టుకుంటుంది గాని బండిని పట్టుకోదు. మోటారు సైకిలుకు డబ్బా ఎందుకు అని అడిగేవారికి మా జవాబు ఇదే. అది సోకు కోసం కాదు. వెనుక కూర్చున్న మనిషికి రెండు చేతులూ ఖాళీగా ఉండడం కోసం.

2016 అక్టోబరు వరకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒకే వరంగల్ జిల్లా. జిల్లాలు వేరైనా చుట్టరికాలు వేరు కాలేదు. అమ్మాయిని మహబూబాబాద్ ఇచ్చినవారు, అల్లుడు భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసేవారు, జనగామ పక్క పల్లెలో పొలం ఉన్నవారు మన సంఘాలలో ఎందరో. పెండ్లికి, ప్రథమ పుట్టినరోజుకు, కూడికలకు రెండు మూడు రోజుల సామానుతో వీరంతా బండి మీదనే వెళ్తున్నారు. మేము కూడా అంతే. అందుకే ఈ నాలుగు మాటలు.

డబ్బా కొనేముందు అంగడికి పోవద్దు. ముందు కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోండి. బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఆ బండి ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది. మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే 100 సీసీ బండ్లలో చాలావాటికి అది 130 కిలోలు, ఆ దరిదాపులలో ఉంటుంది. అది మనుషులు, సామాను, తరువాత బిగించిన డబ్బా, దాని ఇనుప చట్రం అన్నీ కలిపి. ఇంటాయన 65 కిలోలు, ఇల్లాలు 55 కిలోలు అనుకుందాం. 120 అయిపోయింది. మిగిలింది 10 కిలోలు. వెల్డింగు షాపులో చేయించిన ఇనుప రేకు డబ్బా ఖాళీగానే ఆరేడు కిలోలు తూగవచ్చు. ఇక బట్టలకు మిగిలింది మూడు కిలోలు! మామిడికాయ పచ్చడి జాడీ ఒక్కటి పెడితే లెక్క సరి.

350 సీసీ బండి ఇంతకంటె ఎక్కువ మోస్తుంది, నిజమే. అయినా లెక్క లెక్కే. డబ్బా బిగించినంత మాత్రాన బండికి బలం పెరగదు. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది డబ్బా ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటారు. ఇల్లు పెద్దదైతే సామాను పెరిగినట్లే, డబ్బా పెద్దదైతే మూట పెరుగుతుంది.

అంగడిలో డబ్బాను లీటర్లలో చెబుతారు. ముప్ఫై లీటర్లు, నలభై ఐదు లీటర్లు అని. అది లోపలి చోటు మాత్రమే, మోసే బరువు కాదు. బరువు సంగతి మూత లోపల చిన్న అక్షరాలలో అంటించి ఉంటుంది. గివి అనే ఇటలీ కంపెనీ ఈ పనిలో పేరున్నది. మోటారు సైకిల్ పందేలలో పాల్గొన్న జుసెప్పె విసెంజి 1978లో దానిని స్థాపించాడు. ఆయన పేరులోని మొదటి అక్షరాలే కంపెనీ పేరు. అంత పేరున్న కంపెనీ కూడా వెనుక బిగించే చిన్న డబ్బాలలో కొన్నింటికి 3 కిలోలు చాలు అంటుంది, పెద్దవాటికి 10 కిలోలు. కొనే ముందు ఆ కాగితం చదవండి. అంగడివాడు చదవనివ్వకపోతే వేరే అంగడి చూసుకోండి.

ఇంత తక్కువ ఎందుకు? మహబూబాబాద్ దగ్గర ఎడ్లబండి తోలిన ఒక పెద్దాయనను అడిగితే ఒక్క మాటలో తేల్చాడు: "అయ్యగారూ, ఎనక బరువైతే కాడి లేస్తది." అంతే సంగతి. ఎడ్లబండిలో గింజల బస్తాలు ఇరుసుకు వెనుకగా పడితే నొగ పైకి లేచి, కాడికి కట్టిన పలుపులు ఎడ్ల మెడకు బిగుసుకుంటాయి. మోటారు సైకిలుకు కాడి లేదు గాని ముందు చక్రం ఉన్నది. సీటు వెనుక బిగించిన డబ్బా వెనుక ఇరుసు దాటి, పైగా ఎత్తున ఉంటుంది. అందులో బరువు పెట్టే కొద్దీ ముందు చక్రం తేలిక అవుతుంది. వేగం పెరిగినప్పుడు హ్యాండిలు వణుకుతుంది, మలుపులో బండి మాట వినదు, ఇసుక మీద ముందు చక్రం జారుతుంది. దోర్నకల్ తొలి బిషప్ వి. ఎస్. అజరయ్య గారు 1912లో అభిషేకం పొంది ఎడ్లబండ్ల మీద పల్లెలు తిరిగిన ప్రాంతమిది. ఇక్కడి బండివారికి తెలిసిన ఈ విద్యను మనం మోటారు బండి రాగానే మరచిపోయాం.

కాబట్టి బరువైనవి కిందికి, ముందుకు. పక్క డబ్బాలుంటే బియ్యం, పుస్తకాలు, పనిముట్లు వాటి అడుగున, ముందు వైపుకు సర్దాలి. రెండు పక్కల బరువు సమానంగా ఉండాలి. ఇంట్లో చేతి కాటా ఉంటే తూచండి, లేకపోతే రెండు చేతులతో రెండింటినీ ఎత్తి చూడండి, చెయ్యే చెబుతుంది. వెనుక డబ్బాలో తువ్వాలు, దుప్పటి, రెయిన్ కోటు, పిల్లల బట్టలు. పెద్ద అక్షరాల బైబిలు వెనుక డబ్బాలో కాదు, పక్క డబ్బాలో. డోలక్ మాత్రం తేలికైనా ఏ డబ్బాలోనూ పట్టదు. దానిని ముందే ఎవరితోనైనా బస్సులో పంపించండి.

ఇక ఏ రకం డబ్బా? సీటు మీదుగా రెండు వైపులా వేలాడే గుడ్డ సంచులు ఉన్నాయి. తేలిక, చౌక, పని అయ్యాక మడిచి అటక మీద పెట్టవచ్చు. బండి పక్కకు పడినా కాలు నలగదు. కాని వాటికి తాళం ఉండదు, వాన ఆగదు. అన్నిటికంటె ముఖ్యం, సైలెన్సరుకు తగిలితే కాలిపోతాయి, చక్రంలోకి వంగితే ప్రాణం మీదికి వస్తుంది. పక్కన ఇనుప కమ్మీ ఆసరా లేకుండా వాటిని వేయవద్దు. ప్లాస్టిక్ డబ్బా వానకు, దొంగకు కొంత అడ్డు, బరువు కూడా తక్కువ. అల్యూమినియం గట్టిది గాని ధర మన రైతు కుటుంబాలకు అందేది కాదు. మంచి కంపెనీ డబ్బాకు ఒకే తాళంచెవితో మూతా తెరుచుకుంటుంది, చట్రం నుండి మొత్తం డబ్బా ఊడి చేతికీ వస్తుంది. చుట్టాలింటికి చేరాక డబ్బాను సూట్‌కేసులా లోపలికి తీసుకుపోవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు.

వెల్డింగు షాపులో చేయించుకునేవారే మన దగ్గర ఎక్కువ. జనగామ పక్కనే పెంబర్తి, ఇత్తడి రేకు పనికి దేశమంతా పేరున్న ఊరు. రేకును మలచడంలో మన ప్రాంతపు చేతులకు కొదువ లేదు. అయితే డబ్బా అందం కంటె దానిని మోసే చట్రం ముఖ్యం. తొర్రూరులో ఒక వెల్డింగు పనివాడు మాతో అన్నాడు: "మడ్‌గార్డుకు బిగిస్తే ఆర్నెల్లకు మడ్‌గార్డే పోతది అమ్మగారూ, ఛాసిస్‌కు మూడు చోట్ల పట్టాలె." నూటికి నూరుపాళ్లు నిజం. మూత అంచు బయటికి వంగి డబ్బా మీద కప్పినట్లుండాలి, అప్పుడే వాన నీరు లోపలికి దిగదు. అడుగున ఒక సన్న రంధ్రం పెట్టించండి, చేరిన తడి బయటికి పోతుంది. మూలలన్నీ గుండ్రంగా రాయించండి. పదునైన మూల పక్కవాడి మోకాలిని చీలుస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఎడమ పక్క డబ్బా బిగించేటప్పుడు కొన్ని షాపులలో చీర గార్డును తీసి పక్కన పెడతారు. ఒప్పుకోవద్దు. వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోనే ఉన్నది. చేత్తో పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే మెట్టు కూడా ఉండాలని అదే నిబంధన చెబుతుంది. డబ్బా కోసం ఈ మూడింటిలో ఏది పోయినా, ఇల్లాలి చేతులు ఖాళీ చేసి ఏమి లాభం?

2020లో కేంద్ర ప్రభుత్వం డబ్బాకు కొలతలు కూడా నిర్ణయించింది. పొడవు 550 మిల్లీమీటర్లు, వెడల్పు 510, ఎత్తు 500 మించరాదు. డబ్బాను వెనుక మనిషి కూర్చునే చోట పెడితే బండి మీద నడిపేవారొక్కరే ఉండాలి. ఆ చోటు వెనుక బిగిస్తేనే రెండవ మనిషి ఎక్కవచ్చు. పాలవారు, బట్టల వ్యాపారులు ఈ సంగతి గమనించాలి. చిన్నబిడ్డ ఉన్నవారికి ఇంకొక మాట. 2023 ఫిబ్రవరి 15 నుండి తొమ్మిది నెలలు దాటి నాలుగేండ్లలోపు బిడ్డను బండి మీద తీసుకుపోతే బిడ్డకు హెల్మెట్టు, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటరాదు. డబ్బాలో చోటు ఉన్నదని బిడ్డను దాని మీద కూర్చోబెట్టే తండ్రులను మేము కళ్లారా చూశాం.

దారుల సంగతి. జనగామ నుండి హనుమకొండ వైపు జాతీయ రహదారి వెడల్పుగా ఉంటుంది, వేగం తెలియదు. పక్క నుండి బస్సు దూసుకుపోయినప్పుడు వెనుక డబ్బాకు గాలి తగిలి బండి ఊగుతుంది. డబ్బాతో ఉన్న రోజున వేగం తగ్గించడం తప్ప దీనికి మందు లేదు. పాలకుర్తి మీదుగా తొర్రూరు, అక్కడ నుండి మహబూబాబాద్ దారి వేరు. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. ప్రతి ఎగురుకు చట్రం బోల్టులు కొంచెం కొంచెం వదులవుతాయి. కొత్తగా బిగించిన వంద కిలోమీటర్లకు ఒకసారి, తరువాత ప్రతి ప్రయాణానికి ముందు పానా పెట్టి చూసుకోవాలి. వెనుక టైరులో గాలి ఇద్దరు మనుషులకు చెప్పినంత నింపాలి. బండి పుస్తకంలో ఆ అంకె ఉంటుంది.

మహబూబాబాద్, కేసముద్రం వైపు మిర్చి కాలంలో వెళ్తే తిరుగు ప్రయాణంలో ఎండు మిరపకాయలు ఇవ్వని చుట్టం ఉండడు. వాటిని ఎట్టి పరిస్థితిలోనూ బట్టల డబ్బాలో పెట్టకండి. ఆ ఘాటు నెలలు గడిచినా పోదు. చంటిబిడ్డ బట్టలైతే మరీ ప్రమాదం. మిర్చిని విడిగా సంచిలో కట్టి వేరే పక్కన పెట్టండి.

మహబూబాబాద్ నుండి గూడూరు, నర్సంపేట, ములుగు మీదుగా భూపాలపల్లికి పోయే దారిలో అడవి, చెరువులు, పాలంపేట రామప్ప గుడి, చూడదగినవి. భూపాలపల్లి దగ్గరికి వచ్చేసరికి బొగ్గు టిప్పర్లు ఎదురవుతాయి. పక్క డబ్బాలతో బండి వెడల్పు పెరిగిందని, మన చూపు మాత్రం పాత వెడల్పుకే అలవాటు పడిందని గుర్తుంచుకోండి. సందు దొరికిందని టిప్పరు పక్కన దూరవద్దు. బొగ్గు దుమ్ము తాళంలో చేరి గట్టిపడుతుంది. నూనె పోస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. పెన్సిలు ములుకును పొడి చేసి తాళంచెవికి రాసి రెండుమూడు సార్లు తిప్పితే చాలు.

వానాకాలంలో బట్టలను ముందు మందపాటి పాలిథిన్ సంచిలో కట్టి, తరువాత డబ్బాలో పెట్టాలి. ఏ డబ్బాను పూర్తిగా నమ్మవద్దు. వాగు దగ్గర మాత్రం ఏ సంచీ పనికిరాదు. 2023 జులై 27న మోరంచ వాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగిపోయింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. పక్క డబ్బాలున్న బండికి పారే నీరు తగిలే వైశాల్యం ఎక్కువ. మోకాలి లోతు నీరే బండిని పక్కకు నెట్టివేయగలదు. కల్వర్టు మీద నీరు పారుతుంటే ఆగిపోండి, ఆ రాత్రి దగ్గరి ఊరిలో ఎవరింటనైనా ఉండండి.

ఇంటికి చేరాక డబ్బా ఖాళీ చేసి మూత తెరిచి ఒక పూట ఎండలో ఉంచండి. బండిని సర్వీసుకు ఇచ్చే రోజున డబ్బా విప్పి ఇంట్లో పెట్టి వెళ్లండి, మెకానిక్కుకు చక్రం అందుతుంది. తాళంచెవులు రెండు ఇస్తారు. ఒకటి ఇంటాయన గుత్తిలో, రెండవది వెనుక కూర్చునే ఆమె దగ్గర ఉండాలి.