పాలు, నూనె, రసం పారే పైపు: కొనేముందు చూడాల్సినవి

పాలు పితికే యంత్రం కొన్న కొన్నాళ్లకు దాని పాల పైపు గట్టిపడి పగుళ్లు వస్తాయి. కంపెనీ పైపు తెప్పించాలంటే రోజులు పడుతుంది, ధర కూడా ఎక్కువే. ఊళ్లోని హార్డ్‌వేర్ షాపులో అదే లావున్న పారదర్శక పైపు మీటరు లెక్కన దొరుకుతుంది. చూడటానికి రెండూ ఒకటే కాబట్టి చాలామంది అదే తెచ్చి బిగిస్తున్నారు. గానుగ నూనెను డ్రమ్ములోంచి డబ్బాల్లోకి దించేవారు, చెరకు రసం, నీరా అమ్మేవారు కూడా ఇదే పని చేస్తున్నారు.

ఆ షాపు పైపు మేస్త్రీలు లెవెల్ చూసుకోవడానికి, మొక్కలకు నీళ్లు పెట్టడానికి తయారైంది. తినే వస్తువు కోసం కాదు. తేడా ఎక్కడుందో తెలిస్తే కొనేటప్పుడు మోసపోరు.

పీవీసీ అసలు గట్టి ప్లాస్టిక్. మీ బోరు దగ్గరి పైపు చూడండి, వంచితే విరుగుతుంది. దాన్నే మెత్తగా, చుట్ట చుట్టేలా చేయడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. మెత్తటి పైపు బరువులో మూడో వంతు దాకా ఇదే ఉండొచ్చు. చౌక పైపుల్లో ఎక్కువగా వాడేవి థాలేట్లు. ఇవి ప్లాస్టిక్‌కు గట్టిగా అతుక్కుని ఉండవు, మధ్యలో ఇరుక్కుని మాత్రమే ఉంటాయి. నీళ్లలోకి కొద్దిగానే దిగుతాయి కానీ కొవ్వు తగిలితే సులువుగా బయటికి వస్తాయి. గేదె పాలలో 6 నుంచి 8 శాతం వెన్న ఉంటుంది. గానుగ నూనె సంగతి చెప్పనక్కర్లేదు, అంతా కొవ్వే. థాలేట్లలో కొన్ని శరీరంలోని హార్మోన్ల పనిని దెబ్బతీస్తాయని, గర్భిణులకు, చిన్నపిల్లలకు ముప్పు ఎక్కువని తేలింది. ఆ పాలు ముందు తాగేది మన ఇంటి పిల్లలే.

ఇంకో సంగతి సీసం. పీవీసీ వేడికి పాడవకుండా సీసం సమ్మేళనాలు కలపడం ఏళ్ల తరబడి ఉన్న పద్ధతి. నీటి పైపుల్లో దీన్ని తొలగించడానికి కేంద్రం 2021లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన రంగు పైపుల్లో ఏమేం కలిసి ఉన్నాయో అమ్మేవాడికి కూడా తెలియదు.

అందుకని షాపులో అడగాల్సిన మాట ‘ఫుడ్ గ్రేడ్’. అయితే అడిగితే ఎవరైనా ఔననే అంటారు. పైపు మీద ఆ మాట అచ్చయి ఉందా, తయారీదారు పేరు ఉందా చూడండి. ఆహారానికి తగిలే పీవీసీకి ఐఎస్ 10151, పాలిథిలిన్‌కు ఐఎస్ 10146 ప్రమాణాలు ఉన్నాయి. ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి ఎంత దిగుతోందో కొలిచే పరీక్ష ఐఎస్ 9845. కిలో ఆహారంలోకి 60 మిల్లీగ్రాములకు మించి దిగకూడదన్నది హద్దు. ఈ నంబర్లు కాగితం మీద రాసుకెళ్లి, టెస్ట్ రిపోర్టు చూపించమనండి. పాల పరికరాలు అమ్మే డీలరు దగ్గర ఇది దొరికే అవకాశం ఎక్కువ. ‘బీపీఏ ఫ్రీ’ అన్న ముద్ర చూసి సరిపెట్టుకోకండి. బీపీఏ వేరు, థాలేట్లు వేరు.

ఏ రకం కొనాలన్నది లోపల ఏం పారుతుంది, ఎంత వేడితో కడుగుతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాలకు, నూనెకు మా సలహా ఫుడ్ గ్రేడ్ సిలికాన్. దానిలో ప్లాస్టిసైజర్ కలపాల్సిన పని లేదు, మరిగే నీళ్లకు కూడా చెక్కుచెదరదు. ధర పీవీసీకి కొన్ని రెట్లు ఉంటుంది. కానీ రెండు గేదెల యంత్రానికి కావాల్సింది రెండు మూడు మీటర్లే కదా. సిలికాన్‌కు ఉన్న లోపం, కత్తి గాటు పడితే ఇట్టే చిరిగిపోతుంది. నైట్రైల్ రబ్బరు పాల పైపులూ మంచివే. నీరా, చెరకు రసం, తాగునీరు వంటి కొవ్వు లేని చల్లటి వాటికి మంచినీటి ఆర్వో యంత్రంలో ఉండే రకం తెల్లని పాలిథిలిన్ ట్యూబు చాలు. అంతకంటే లావు కావాలంటే ఫుడ్ గ్రేడ్ పీవీసీ వాడొచ్చు. అది 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది కాబట్టి మరిగే నీళ్లు పోయకూడదు.

పాల యంత్రానికి గోడ మందం కూడా ముఖ్యం. లోపలి గాలిని యంత్రం లాగేస్తుంది కాబట్టి పలచటి పైపు వంపు దగ్గర నొక్కుకుపోతుంది. అప్పుడు పాలు ఆగి ఆగి వస్తాయి, పొదుగు మీద ఒత్తిడి పడుతుంది. పాత పైపు ముక్క ఒకటి చేతిలో పట్టుకెళ్లి, లోపలి కొలత, మందం రెండూ సరిపోల్చండి.

మందు కొట్టే పంపు పైపును మాత్రం ఎన్నిసార్లు కడిగినా, ఎంత కొత్తగా కనిపించినా వీటికి వాడకూడదు. పురుగుమందు ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోతుంది, సబ్బుకు రాదు.

పైపులను కలిపే నాజిల్, జాయింటు ఇత్తడివైతే మార్చేయండి. పులిసిన రసం ఇత్తడిలోని రాగిని కరిగిస్తుంది, రాగి తగిలిన పాలకు వాసన మారుతుంది. 304 రకం స్టీలు మంచిది.

కొత్త పైపు తెచ్చాక ఒక ముక్క కోసి, మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున మూత తీస్తే ప్లాస్టిక్ వాసన గుప్పుమంటే ఆ పైపు వద్దు. వాసన లేనంత మాత్రాన ఫుడ్ గ్రేడ్ అని కాదు, ఇది చెడ్డదాన్ని పక్కన పెట్టడానికి మాత్రమే.

ఎంత మంచి పైపైనా కడగడంలో తేడా వస్తే పాలు విరుగుతాయి. పితకడం అయిన వెంటనే గోరువెచ్చని నీళ్లతో కడగాలి. మొదటే మరిగే నీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు ఉడికి పైపు గోడకు అంటుకుంటాయి. ఆ తర్వాత వేడినీళ్లలో పాల పరికరాల డిటర్జెంటు కలిపి పారించాలి. పైపు ఓర్చుకునే వేడి దాటకండి. వారానికోసారి ఆమ్లపు క్లీనరుతో కడిగితే తెల్లటి గార పట్టదు. డిటర్జెంటు, ఆమ్లం, బ్లీచింగ్ ఎప్పుడూ ఒకటిగా కలపకూడదు, విషవాయువు వస్తుంది. చివరగా రెండు కొసలూ కిందికి వేలాడేలా నీడలో ఆరబెట్టాలి. ఎండలో పడేస్తే రబ్బరు, ప్లాస్టిక్ రెండూ తొందరగా పాడవుతాయి.

నెలకోసారి పైపును వంచి వెలుతురులో చూడండి. లోపల జిగటగా తగిలినా, పసుపు రంగుకు తిరిగినా, సన్నటి గీతలు కనిపించినా మార్చేయాలి. ఆ గీతల్లో దాగిన సూక్ష్మజీవులను ఏ బ్రష్షూ తీయలేదు. తీసేసిన పైపు పశువుల నీళ్ల తొట్టికి పనికొస్తుంది. కొసకు ఎర్ర రంగు పూసి ఉంచితే పొరపాటున మళ్లీ పాల క్యాను దగ్గరికి చేరదు.