వేసెక్టమీ: ఖర్చెంత? భరించేదెవరు?

ఏటేటా క్రమం తప్పక ప్రీమియం చెల్లిస్తున్న గృహస్థుడు వేసెక్టమీ చేయించుకొని బిల్లు పంపితే, ఆరోగ్య బీమా సంస్థ సాధారణంగా దానిని తిప్పి పంపుతుంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ మినహాయింపులకు ఒకే రూపం కల్పించినప్పుడు, సంతాన నిరోధక శస్త్రచికిత్సలను అందులో 17వదిగా చేర్చింది. మనసు మారి నాళాలను తిరిగి కలిపించుకోదలచినా, ఆ వ్యయం కూడా ఆ పద్దులోనే పోతుంది. పాలసీ ఉన్నా లేకపోయినా ప్రైవేటు ఆసుపత్రి బిల్లు మాత్రం సొంత జేబు నుండి కట్టవలసిందే.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఇదే శస్త్రచికిత్స ఉచితం. పైగా పోయిన కూలికి పరిహారం ఇస్తారు. 2007లో కేంద్రం దానిని 1,100 రూపాయలుగా నిర్ణయించింది. జననాల రేటు ఎక్కువగా ఉన్న 11 రాష్ట్రాలలో 2014లో అది 2,000 అయింది. స్త్రీల శస్త్రచికిత్సకు ఇచ్చే మొత్తం కంటె ఇది ఎక్కువ. అయినా పురుషులు ముందుకు రావడం లేదు.

చికిత్స చిన్నది. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించిన పద్ధతిలో కత్తి కోత లేదు, కుట్లు లేవు. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి, చిన్న రంధ్రం గుండా నాళాలను బంధిస్తారు; ఇరవై నిమిషాలు చాలు, ఆనాడే ఇంటికి వెళ్లవచ్చు. స్త్రీలకు చేసే ట్యూబెక్టమీలో ఉదరాన్ని తెరవక తప్పదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, వివాహిత స్త్రీలలో 37.9 శాతం మంది తామే శస్త్రచికిత్స చేయించుకోగా, భర్త చేయించుకున్నవారు 0.3 శాతం మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల వాటా 69.6 శాతం!

ఎప్పుడూ ఇలా లేదు. 1971 జూలైలో ఎర్నాకుళం శిబిరంలో ఒక్క నెలలో 63,418 మంది పురుషులు వేసెక్టమీ చేయించుకున్నారు. అత్యవసర పరిస్థితి నాటి 1976-77లో ఆ సంఖ్య దేశమంతటా 62 లక్షలకు చేరింది; దానితో బలవంతపు చికిత్సల భయమూ ఇంటింటికీ చేరింది. ఆ భయాన్ని ఏ పరిహారమూ నేటికీ పోగొట్టలేకపోయింది.

కూలి మీద బ్రతికేవానికి అసలు ఖర్చు విశ్రాంతి దినాలే. రెండు రోజులు కదలకుండా ఉండాలి, వారం వరకు బరువులెత్తరాదు. మూటలు మోసేవానికి ఇది చిన్న నష్టం కాదు.

మరొక బీమా కూడా ఉన్నది. దానిని గురించి తెలిసినవారు బహు తక్కువ. రమాకాంత్ రాయ్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ఫలితంగా, శస్త్రచికిత్స విఫలమైనా, ప్రాణహాని జరిగినా పరిహారమిచ్చే పథకం ఏర్పడింది. 2013 నుండి రాష్ట్రాలే దీనిని నిర్వహిస్తున్నాయి. అప్పటి లెక్కలో వైఫల్యానికి 30,000, వారంలోపు మరణిస్తే 2 లక్షల రూపాయలు. ఈ మొత్తాలను బాగా పెంచాలని 2016లో సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశించింది.

శస్త్రచికిత్స జరిగిన వెంటనే ఫలితం ఉండదు. నాళాలలో మిగిలిన వీర్యకణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అంతవరకు వేరొక గర్భనిరోధక సాధనం వాడాలి. అనంతరం వీర్యపరీక్ష చేసి, కణాలు లేవని తేలాకనే ఆసుపత్రి ధ్రువపత్రమిస్తుంది. ఆ పరీక్షకు తిరిగి వెళ్లి, పత్రాన్ని అడిగి తీసుకొని భద్రపరచుకోవాలి. పరిహారం కోరవలసి వస్తే అధికారులు చూడగోరేవి ఇటువంటి కాగితాలే.