ఫస్ట్ లాన్సర్‌కు, ఢిల్లీ తీన్‌మూర్తికి లింకేంటి? హైదరాబాద్ గుర్రపు దళం హైఫాలో నిజంగా ఏం చేసింది?

అమీర్‌పేటలో బస్సెక్కి, పంజాగుట్ట, ఖైరతాబాద్ దాటి మాసబ్ ట్యాంక్ వైపు వెళ్తుంటే ఫస్ట్ లాన్సర్ అనే ఏరియా వస్తుంది. రోజూ వినే పేరే. కానీ లాన్సర్ అంటే బల్లెం పట్టిన గుర్రపు సైనికుడు. నిజాం సైన్యంలోని ఫస్ట్ లాన్సర్స్ దళం నుంచి వచ్చిన పేరిది. ఢిల్లీ తీన్‌మూర్తి చౌక్‌లో ఉన్న మూడు విగ్రహాల్లో ఒకటి ఈ దళానికి గుర్తే. మిగతా రెండు జోధ్‌పూర్, మైసూర్ దళాలవి.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చదివేవాళ్లు ఇక్కడే ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. 'హైఫాను మూడు సంస్థానాల లాన్సర్స్ కలిసి గెలిచారు' అని చాలాచోట్ల ఒక్క లైన్‌లో రాసేస్తుంటారు. అది సగమే నిజం.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే ఈ దళాన్ని ఈజిప్టుకు పంపారు. డ్యూటీ సూయజ్ కాలువ కాపలా. ఎదురుగా ఉన్నది ఒట్టోమన్ టర్కీ సైన్యం. టర్కీ సుల్తానే అప్పటి ఖలీఫా, ఆయన జిహాద్‌కు పిలుపు కూడా ఇచ్చారు. మరి ముస్లిం పాలకుడి సైన్యం ఖలీఫాపై పోరాడుతుందా? బ్రిటిష్ వాళ్ల టెన్షన్ అదే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటన్‌కే మద్దతివ్వాలని ముస్లింలను కోరుతూ ప్రకటన ఇచ్చారు. దళం ఖర్చులూ భరించారు.

1915 ఫిబ్రవరిలో సూయజ్‌పై టర్కీ దాడి విఫలమైంది. తర్వాత సినాయ్ ఎడారి, పాలస్తీనా, 1918 ఎండాకాలంలో జోర్డాన్ లోయ. ఫొటోల్లో కనిపించే చార్జ్ కంటే ఈ నాలుగేళ్ల కాపలా, గస్తీ, నీళ్ల కోసం తిప్పలే ఎక్కువ. ఎందుకో వీటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇక హైఫా. 1918 సెప్టెంబర్ 23న మెషిన్ గన్లకు ఎదురెళ్లి ఊళ్లోకి దూసుకెళ్లింది జోధ్‌పూర్ లాన్సర్స్. మైసూర్ దళం కార్మెల్ కొండ వైపు నుంచి సాయం చేసింది. జోధ్‌పూర్ మేజర్ దళపత్ సింగ్ అక్కడే చనిపోయారు. 1,350 మంది బందీలుగా దొరికారు. హైదరాబాద్ లాన్సర్స్‌దీ ఇదే బ్రిగేడ్. కానీ ఆ చార్జ్‌లో వాళ్లు లేరు.

అలాగని విగ్రహం ఊరికే పెట్టింది కాదు. 1922లో కట్టిన ఆ స్మారకం ఒక్క హైఫా కోసం కాదు, సినాయ్ నుంచి సిరియా దాకా సాగిన మొత్తం యుద్ధం కోసం. చౌక్ పేరుకు 'హైఫా' చేరింది 2018 జనవరిలో, ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు వచ్చినప్పుడు. కన్ఫ్యూజన్ పెరిగింది కూడా ఆ పేరుతోనే అనిపిస్తుంది.

ఇంకో తికమక కూడా ఉంది. 20వ దక్కన్ హార్స్ వేరే దళం. అది నిజాం సైన్యం కాదు, బ్రిటిష్ ఇండియా ఆర్మీది. నిజాం దానికి గౌరవ కర్నల్ మాత్రమే. సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్‌తో ఫ్రాన్స్ వెళ్లి, 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర బల్లేలతో దాడి చేసింది. 1918లో అదీ పాలస్తీనా చేరి, హైదరాబాద్ లాన్సర్స్ ఉన్న 5వ కావల్రీ డివిజన్‌లోనే పనిచేసింది. ఇప్పుడది ట్యాంకుల రెజిమెంట్. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఆపిన దళాల్లో దక్కన్ హార్స్ ఒకటి.