అద్దాల పెట్టెలో బిడ్డ, తలుపు బయట తల్లి

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డను జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశువుల విభాగములో ఉంచినపుడు అందరి చూపు బిడ్డమీదనే ఉంటుంది. బయట బల్లమీద కూర్చున్న బాలింతను గమనించేదెవరు? పరామర్శకు వెళ్లినపుడెల్లా మేము వినే మాట ఒక్కటే: "నేనేం తప్పు చేశానండీ?"

గొట్టాలు, యంత్రాల మోత ఆమెకు భయము. కన్నబిడ్డను ఎత్తుకోలేకపోవడము అంతకంటె బాధ. పైగా "ఏం తిన్నావో, ఏ బరువులెత్తావో" అనే చుట్టాల మాటలు పుండుమీద కారము.

ఆమెకు ఓదార్పుతోపాటు బిడ్డకొరకు చేయదగిన పని కావాలి. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, వైద్యులు బిడ్డను తల్లి రొమ్ముకే ఆనించి ఉంచారు. అదే కంగారూ పద్ధతి. మన దేశముతో కలిపి ఐదు దేశాలలో జరిగి, 2021లో వెలువడిన పరిశోధనలో, పుట్టిన వెంటనే ఇలా ఉంచిన తక్కువ బరువు శిశువుల మరణాలు నాలుగవ వంతు తగ్గాయి. కనుక "నా బిడ్డను ఎప్పుడు ఆనించుకోవచ్చు? పాలు పిండి ఇవ్వవచ్చా?" అని నర్సమ్మను అడగండి. తండ్రి కూడా బిడ్డను ఆనించుకోవచ్చు.

అత్తగారలారా, తల్లులారా! ఆమెకు వేళకు అన్నము, కాస్త నిద్ర దొరికేలా చూడండి. ఇంటివద్దనున్న పెద్దబిడ్డ బాధ్యత మీరు తీసుకొనండి. రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు తగ్గకపోతే వైద్యునికి చెప్పండి. అది జబ్బు కావచ్చును, అవిశ్వాసము కాదు.

సంఘస్థులమైన మనము ప్రార్థనచేసి వచ్చేయక, ఒక పూట క్యారియరు కూడా తీసుకొని వెళ్దాము.