టాంక్‌బండ్ మీద దిగి చూస్తే

సికింద్రాబాదులో ఉండేవాళ్లం టాంక్‌బండ్ మీదుగా ఎన్ని వందలసార్లు వెళ్లి ఉంటామో లెక్కే ఉండదు. ఆఫీసుకి, అబిడ్స్‌లో బట్టలకి, కోఠీలో పిల్లల పుస్తకాలకి... వెళ్లేటప్పుడు చేతిలో టిఫిన్ బాక్సు, వచ్చేటప్పుడు కూరల సంచీ. హుస్సేన్‌సాగర్‌ని బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప దిగి చూసిందెప్పుడు? ఊళ్లోంచి చుట్టాలొస్తే పిల్లల్ని తోడిచ్చి పంపిస్తాం. మనం ఇంట్లో ఉండి వాళ్లొచ్చేసరికి వంట చేసి పెడతాం!

మొన్నామధ్య మా చెల్లెలి కూతురు స్టాక్‌హోమ్ నుంచి ఫోన్లో వీడియో చూపించింది. స్వీడన్ రాజధాని. పద్నాలుగు దీవుల మీద కట్టిన ఊరు. గామ్లా స్టాన్ అని పాత పట్టణం, నీళ్లని ఆనుకుని రేవు, వరసగా పసుపు, ఇటికరంగు మేడలు. ఒడ్డున బెంచీల మీద మా అత్తయ్య వయసు ఆడవాళ్లు ఒక్కొక్కళ్లే కూచుని కాఫీ తాగుతున్నారు.

"ఎవరికోసం ఎదురుచూస్తున్నారే వాళ్లు?" అనడిగారు అత్తయ్య.

"ఎవరికోసమూ కాదు బామ్మగారూ, ఊరికే కూచున్నారు" అంది పిల్ల.

అక్కడికి దగ్గర్లోనే వాసా అనే ఓడకి పెద్ద మ్యూజియం ఉంది. 1628లో స్వీడన్ రాజు ఎంతో ఆర్భాటంగా కట్టించిన యుద్ధనౌక. మొదటి ప్రయాణంలోనే, రేవు దాటి కిలోమీటరు పైచిలుకు వెళ్లిందో లేదో, గాలికి ఒరిగి మునిగిపోయింది. 333 ఏళ్లు నీళ్ల అడుగునే ఉండి 1961లో పైకొచ్చింది. ఆ కథ విని అత్తయ్య "మన బుద్ధుడిలాగే" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆవిడ నోట బుద్ధుడి మాట రావడం నా కాపురంలో అదే మొదటిసారి. ఎందుకో మావారు చెబితే తెలిసింది. 1990 ఫిబ్రవరిలో మావయ్యగారు "విగ్రహం నిలబెట్టగానే నిన్ను పడవలో తీసుకెళ్తా" అన్నారట. మార్చిలో విగ్రహాన్ని నీళ్ల మీద తీసుకెళ్తుంటే పంటుతో సహా మునిగిపోయింది. మరుసటేడు మావయ్యగారు జబ్బు చేసి పోయారు. 1992 డిసెంబర్ 1న బుద్ధుడు సాగరం నడుమ నిలబడ్డాడు. అప్పటికి అత్తయ్య ఇద్దరు చిన్నపిల్లల్తో, నాంపల్లిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరారు. చిలకలగూడ నుంచి నాంపల్లికి రోజూ టాంక్‌బండ్ మీదే కదా బస్సు! ఎన్నేళ్లు తిరిగినా సాగరం వైపు సీట్లో కూచోలేదట.

ఇప్పుడు చిలకలగూడ ఇల్లు అమ్మేస్తున్నాం. వచ్చే నెల అత్తయ్య మా మరిది దగ్గరికి పూణె వెళ్లిపోతారు. "పోనీ ఓసారి చూసొద్దామా?" అంటే వెంటనే ఏమీ అనలేదు. రెండ్రోజుల తర్వాత పొద్దున్నే జరీచీర కట్టుకొచ్చి, "పద" అన్నారు.

మావారు వస్తానంటే వద్దన్నాం. మగవాళ్లొస్తే గడియారం వస్తుంది!

సికింద్రాబాదు వైపునుంచి బండ్ ఎక్కే దగ్గరే ఆటో దిగేశాం. మీరు వెళ్తే ముందు చూడాల్సింది సైదానీమా సమాధి. అటువైపు అంతా హోటళ్లూ, హడావుడీ. వాటి మధ్య సున్నపు పూతలో లతలు, పువ్వులు తీర్చిన మందిరం, చిల్లుల జాలీ కిటికీలు. నిజాం కొలువులో పెద్ద హోదాలో ఉన్న నవాబ్ అబ్దుల్ హక్ తల్లి సమాధి ఇది. 1880ల్లో కట్టింది. "కొడుకు తల్లికి కట్టించాడా!" అని అత్తయ్య చుట్టూ రెండుసార్లు తిరిగారు. పెళ్లాం కోసం కట్టిన తాజ్‌మహల్‌కి ఆగ్రా దాకా వెళ్తాం, తల్లి కోసం కట్టిన దాన్ని మన గుమ్మంలోనే చూడం.

అసలీ చెరువు రెండు ఊళ్లకంటే పెద్దది. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించాడు. హైదరాబాదు పుట్టింది 1591లో, మన సికింద్రాబాదు 1806లో. రాజు తన పేరు పెట్టుకుందామనుకుంటే జనం మాత్రం కట్టించినాయన పేరుతోనే పిలిచారనీ, అందుకే ఆయన ఇబ్రహీంపట్నంలో ఇంకో చెరువు తవ్వించుకున్నాడనీ చెబుతారు. అత్తయ్యకి ఈ కథ బాగా నచ్చింది.

బండ్ మీద విగ్రహాలు 1986లో ఎన్టీఆర్ పెట్టించినవి. 33 మంది తెలుగు వెలుగులు, అందులో ఆడవాళ్లు ఇద్దరే. రుద్రమదేవి, మొల్ల. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు వీటిలో చాలా పగిలిపోయాయి. తర్వాత మళ్లీ చేయించి నిలబెట్టారు. మొల్ల దగ్గర అత్తయ్య కాసేపు ఆగారు. రామాయణం రాసినావిడ ముందు నుంచి ఇన్నేళ్లూ హారన్లు మోగిస్తూ వెళ్లిపోయాం మరి.

హారన్లంటే గుర్తొచ్చింది. 2021లో కొన్నాళ్లు ఆదివారం సాయంత్రాలు బండ్ మీద వాహనాలు ఆపేసి జనానికి వదిలారు. పిల్లలు రోడ్డు మధ్యలో ఆడుకున్నారు. మామూలు రోజుల్లో మాత్రం బండ్ మీద పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకే పొద్దున తొమ్మిది లోపల వెళ్లమంటాను. కిందికి దిగితే లోయర్ టాంక్‌బండ్‌లో కట్టమైసమ్మ గుడి ఉంది. తెలంగాణలో చెరువు కట్ట ఉన్నచోట మైసమ్మ ఉంటుంది. కట్ట తెగకుండా కాపు కాసేది ఆవిడే. ఆషాఢంలో బోనాలప్పుడు వెళ్తే కాలు పెట్టే సందుండదు. మేం వెళ్లినప్పుడు ఇద్దరే ఉన్నారు, అత్తయ్య తీరిగ్గా దణ్ణం పెట్టుకున్నారు.

నీళ్ల సంగతి దాచడం దేనికి? వాసన వస్తుంది. ఒకప్పుడు ఊరు తాగిన నీళ్లివి. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బల్కాపూర్, బంజారా నాలాలు ఏళ్ల తరబడి మురుగుని తెచ్చి ఇందులోనే కలిపాయి. ఎండాకాలంలో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవాల్సిందే. స్టాక్‌హోమ్‌లోనూ ఒకప్పుడు నీళ్లు ఇలాగే పాడయ్యాయట. మురుగుని శుద్ధి చేసి వదలడం మొదలుపెట్టాక, ఇప్పుడు ఊరి నడిబొడ్డున జనం ఈతలు కొడుతున్నారు, చేపలు పడుతున్నారు. మనవాళ్లు శుద్ధి కేంద్రాలు కట్టారు గానీ మనమూ ఊరికే ఉన్నామా? పూజైన పూలు కవరుతో సహా విసిరేసే చేతులు ఎవరివి? ఎక్కువగా మనవే.

లుంబినీ పార్కు చేరేసరికి పదిన్నర. 2007 ఆగస్టు 25న ఇక్కడే బాంబు పేలింది. ఆ ఏడాది నుంచీ పిల్లల్ని ఇటు పంపడానికి భయపడ్డ తల్లుల్లో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు స్కూలు పిల్లలు వరసకట్టి లోపలికి వెళ్తున్నారు. టికెట్ కొంటుంటే వెనకున్నాయన "మగవాళ్లెవరూ రాలేదా అమ్మా?" అన్నాడు. "పడవ నడిపేది మీరా?" అన్నారు అత్తయ్య. ఆవిడకింత నోరుందని నాకూ తెలీదు.

పడవలో లైఫ్ జాకెట్ తప్పకుండా అడిగి వేసుకోండి. కొంగు జాకెట్ లోపల దోపుకుంటే గాలికి ఇబ్బంది ఉండదు. పడవ కదలగానే అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు. నీళ్ల మధ్యకి వెళ్లేకొద్దీ ఊరి చప్పుడు తగ్గిపోయింది. ఒకవైపు కొత్త సచివాలయం గుమ్మటాలు, 2023లో నిలబెట్టిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, దూరంగా మన వైపు సంజీవయ్య పార్కులో జెండా.

బుద్ధుడు నిలబడ్డ బండని జిబ్రాల్టర్ రాక్ అంటారు. విగ్రహం ఎత్తు 18 మీటర్లు. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాయిలో గణపతి స్థపతి బృందం చెక్కింది. వందల టన్నుల బరువు. దాదాపు రెండేళ్ల తొమ్మిది నెలలు ఈ నీళ్ల అడుగున పడుకుని లేచినా రాయి చెక్కు చెదరలేదు. ఆనాడు విగ్రహంతో పాటు వెళ్లిన పనివాళ్లు కొందరు తిరిగి రాలేదు. జనం అందరూ బుద్ధుడి మొహానికేసి తలెత్తి ఫోటోలు తీసుకుంటుంటే, అత్తయ్య మాత్రం నీళ్లకేసి చూస్తూ "వాళ్ల ఆడవాళ్లు ఎక్కడున్నారో ఏమో" అన్నారు. తర్వాత విగ్రహం చుట్టూ ఓసారి నెమ్మదిగా తిరిగారు. అభయం ఇస్తున్న ఆ చెయ్యి కింద కాసేపు నిలబడ్డారు. నేను పక్కకి తప్పుకున్నాను.

తిరిగొచ్చే పడవలో ఆవిడే ముందెక్కారు. రెయిలింగ్ పక్కన కూచున్నారు.

మీరూ వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. హీల్స్ వద్దు, చదునైన చెప్పులు వేసుకోండి. మంచినీళ్ల సీసా, గొడుగు తప్పనిసరి. బాత్‌రూము పార్కుల్లోనే చూసుకుని బయల్దేరండి, బండ్ పొడవునా ఎక్కడపడితే అక్కడ దొరకవు. పెద్దవాళ్లుంటే మొత్తం ఒక్కరోజులో పెట్టుకోకండి. నెక్లెస్ రోడ్డు, సంజీవయ్య పార్కు ఇంకోరోజుకి ఉంచండి. ఆ వైపుకి ఎంఎంటీఎస్ రైల్లో కూడా వెళ్లొచ్చు, నెక్లెస్ రోడ్ స్టేషన్లో దిగితే సరి. దసరా రోజుల్లో వచ్చేవాళ్లు సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం బండ్ మీదికి రండి. తంగేడు, గునుగు పూలతో వందలమంది ఆడవాళ్లు ఉంటారు, ఆ ఒక్కరోజు చెరువు పూర్తిగా మనదే.

పార్కు బయట నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొన్నాం. నిమ్మకాయ, కారం రాయించుకుని బెంచీ మీద కూచున్నాం. నాకు మధ్యాహ్నం వంట గుర్తొచ్చి లేవబోతే, "ఫోన్ చేసి అన్నం వండుకోమను" అన్నారు అత్తయ్య, రెండో పొత్తు ఒలుస్తూ.