రక్తనాళములలో అడ్డు లేని హృదయశూల

తాటిపాక పొలములకు నీరు ఎట్లు చేరునో కోనసీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్టకడ బయలుదేరిన గోదావరి నీరు పెద్దకాలువలో ప్రవహించి, గన్నవరము అక్విడక్టు మీదుగ వైనతేయపాయను దాటి, పిల్లకాలువలలోనికిని, వానినుండి పంటబోదెలలోనికిని పోయి, తుదకు పొలమును తడుపును. పెద్దకాలువ నిండుగ పారుచుండగనే, బోదె పూడినందున చేను ఎండుట రైతు లెరిగినదే. మన గుండెయందును ఇట్టి స్థితి కలుగుచుండును. దానినిగూర్చి ముచ్చటింపదలచితిమి.

గుండె ఒక కండరము. దానికి ఆహారమును ప్రాణవాయువును రక్తమే తెచ్చి ఇయ్యవలెను. శ్రమవేళ అవసరమునకు తగిన రక్తము అందనిచో రొమ్ము నడుమ బిగపట్టినట్లు, బరువు పెట్టినట్లు బాధ కలుగును. అది దవడకును భుజమునకును ప్రాకవచ్చును. ఇదియే హృదయశూల. వైద్యులు దీనిని ఆంజైనా అందురు. 1768లో లండను వైద్యుడు విలియం హెబర్డెన్ దీని లక్షణములను విశదముగ వర్ణించి, ఈ పేరు పెట్టెను.

1958లో అమెరికాలో మేసన్ సోన్స్ అను వైద్యుడు గుండె ధమనులలోనికి నేరుగ రంగుమందు ఎక్కించి చిత్రము తీయు పద్ధతిని కనుగొనెను. నేటి ఆంజియోగ్రాము దానినుండి పెరిగినదే. అయితే ఈ చిత్రమున పెద్ద ధమనులే స్పష్టముగ కనబడును. అర మిల్లీమీటరుకంటె సన్నని నాళములు కనబడవు. అనగా కాలువలు కనబడును, బోదెలు కనబడవు. ఆంజైనా బాధతో ఈ పరీక్ష చేయించుకొనువారిలో ఇంచుమించు సగముమందివరకు పెద్ద అడ్డు ఏదియు కనబడదు. వీరిలో స్త్రీలు హెచ్చు.

ఇచ్చటనే చిక్కు వచ్చును. “అడ్డు లేదు” అను మాట వినగనే ఇంటివారు ఊరట చెందుదురు. బాధ మరల వచ్చినపుడు అది గ్యాసనియో, మనోవ్యాకులత అనియో త్రోసివేయుదురు. రోగి కొంతకాలమునకు తన బాధను చెప్పుకొనుటయే మానును. పూర్వము వైద్యశాస్త్రమునకును దీని మూలము తెలియదు. 1973లో హార్వే కెంప్ దీనిని “సిండ్రోమ్ ఎక్స్” అని పేర్కొనెను. నేడు దీనికి రెండు ముఖ్యకారణములు తెలిసినవి.

మొదటిది సూక్ష్మనాళముల దోషము. శ్రమ కలిగినపుడు విప్పారవలసిన సన్నని నాళములు చాలినంత విప్పారవు. నడచునపుడో మెట్లెక్కునపుడో నొప్పి వచ్చి, విశ్రమించిన పిదపయు కొంతసేపు నిలుచును. రెండవది ధమని తాత్కాలికముగ బిగిసికొనుట. ఇది తరచు రాత్రియందో తెల్లవారుజామునో, విశ్రాంతిగ నున్నపుడే వచ్చును. 1959లో ప్రింజ్‌మెటల్ దీనిని వర్ణించెను. కొందరిలో రెండును కలిసియుండును.

వీనిని వేరుపరచుటకు పరీక్షలు కలవు. అడినోసిన్ మందిచ్చి రక్తప్రవాహము ఎన్ని రెట్లు పెరుగునో కొలుతురు; రెండు రెట్లైనను పెరగనిచో సూక్ష్మనాళములలో దోషమున్నదని గ్రహింతురు. ఎసిటైల్‌కోలిన్ మందిచ్చి ధమని బిగిసికొనునేమో చూతురు. ఇవి అన్నిచోట్ల జరుగునవి కావు. పెద్ద హృద్రోగ కేంద్రములలో చేయుదురు. స్కాట్లండులో 151 మంది రోగులపై జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, ఇట్టి పరీక్షల ననుసరించి చికిత్స పొందినవారికి ఆరు నెలలలో నొప్పి తగ్గి, జీవనము సుఖకరమయ్యెను.

కారణము తెలియుట ఏల అవసరమన, మందులు ఒక్కటి కావు. సూక్ష్మనాళముల దోషమునకు బీటా బ్లాకర్లు తరచు ఉపకరించును. ధమని బిగిసికొను వ్యాధిలో అవియే కీడు చేయవచ్చును. అచ్చట కాల్షియం చానెల్ బ్లాకర్లును నైట్రేట్లును మేలు. కావున ఇరుగుపొరుగువారి మాత్రలు వాడరాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు మానుట, రక్తపుపోటు, మధుమేహము, కొలెస్టరాలు అదుపులో నుంచుట, వైద్యుడు సూచించిన మేర దినదినము నడచుట, ఇరువురికిని అవసరమే.

ఇవి పట్టణవాసుల జబ్బులని పల్లెవారు ఏమరరాదు. ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04లో మరణకారణములను విచారింపగా, గుండె, రక్తనాళముల వ్యాధులే నూటికి 32 మరణములకు కారణములై అగ్రస్థానమున నుండెను. అడ్డు లేని ఆంజైనా కూడ నిరపాయకరము కాదు. ముందుముందు గుండెపోటు వచ్చు అవకాశమును పెంచును.

కావున నొప్పి వచ్చిన వేళ, అప్పుడు చేయుచున్న పని, అది నిలిచిన కాలము ఒక కాగితముపై వ్రాసికొని వైద్యునికి చూపుడు. అడ్డు లేదని చెప్పిన పిదపయు నొప్పి వచ్చుచున్నచో, “సన్నని నాళముల సంగతి ఏమి? ధమని బిగిసికొనుచున్నదా?” అని అడుగుడు. ఒకటి మాత్రము మరువరాదు: నొప్పి పదునైదు నిమిషములు దాటినను, చెమటలు, ఆయాసము, స్పృహ తప్పుట కలిగినను, వెనుకటి ఆంజియోగ్రాము బాగున్నదని ఇంట కూర్చుండక, వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరవలెను. మొదటిసారి నొప్పి వచ్చినవారికిని ఈ తొందర తప్పదు.