సొంత రచనేనని హామీ ఇస్తున్నాను

పత్రికకి కథ పంపేటప్పుడు చివరి కాగితం మీద నాలుగు ముక్కలు రాసి సంతకం పెడతాం. 'ఈ కథ నా సొంతం. దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు. మరే పత్రిక పరిశీలనలోనూ లేదు' అని. నేను కథలు మొదలుపెట్టిన కొత్తల్లో ఆ హామీపత్రం చూసి మావారు నవ్వేవారు, "వీలునామాలా ఉందే" అని. కథకే ఇంత తతంగం ఉంటే, డాక్టర్లు రాసే వైద్యపత్రికల్లో ఇంకెంత ఉండాలి! ఉంటుంది కూడానూ. పరిశోధనకి డబ్బు ఎవరిచ్చారో చెప్పాలి. అచ్చు వేసేముందు తోటి నిపుణులు చదివి చూడాలి. అయినా ఓ అబద్ధం ఆ గడపలన్నీ దాటుకుని లండన్ నుంచి మా వీధి దాకా వచ్చేసింది.

2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలకి తట్టు, రుబెల్లా టీకాలు వేశారు. మావాడు అప్పుడు ఒకటో తరగతి. బడి నుంచి కాగితం వచ్చిన రోజే ఫోన్లో ఓ మెసేజీ కూడా వచ్చింది. ఈ సూది వేయిస్తే ఆటిజం వస్తుందట, పిల్లలు మాట్లాడటం మానేస్తారట, విదేశీ డాక్టరెవరో పెద్ద పత్రికలోనే రాశాడట. డిగ్రీ చదివినదాన్ని, నాలుగు కథలు అచ్చయినదాన్ని. సరిగ్గా ఆ 'పత్రికలోనే రాశాడట' దగ్గరే పడిపోయాను. టీకాల రోజు వాణ్ణి బడి మాన్పించాను. పక్కింటి పిన్నిగారు అడిగితే జలుబని చెప్పాను.

మనసు ఊరుకుంటుందా? ఆ డాక్టరెవరో, ఆ పత్రికేదో తీసి చదవడం మొదలుపెట్టాను.

ఆయన పేరు ఆండ్రూ వేక్‌ఫీల్డ్. లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో పనిచేసేవాడు. 1998 ఫిబ్రవరిలో 'లాన్సెట్' అనే పేరుమోసిన వైద్యపత్రికలో మరికొందరు డాక్టర్లతో కలిసి ఓ వ్యాసం రాశాడు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా తర్వాత పిల్లలు మారిపోయారని కొందరు తల్లిదండ్రులు చెప్పారంటూ. ఎంతమంది పిల్లల్ని చూసి? పన్నెండుమందిని! పెళ్లిసంబంధానికి మనం అంతకంటే ఎక్కువమంది దగ్గర వాకబు చేస్తాం. టీకాయే కారణమని రుజువైనట్టు వ్యాసంలో కూడా లేదు. విలేఖరుల ముందు మాత్రం మూడూ కలిపి వేయొద్దన్నాడు. తల్లులు హడలిపోరూ?

2004లో బ్రియాన్ డీర్ అనే విలేఖరి కూపీ లాగాడు. టీకా కంపెనీల మీద దావాకి సిద్ధమవుతున్న లాయరు తరఫున ఈయనగారు డబ్బు పుచ్చుకుంటున్నాడు. వ్యాసంలో ఆ ఊసే లేదు! తర్వాత విచారణలో ఇంకోటి బయటపడింది. కొడుకు పుట్టినరోజు పార్టీకి వచ్చిన పిల్లల చేతిలో అయిదేసి పౌన్లు పెట్టి రక్తం తీయించాడట. కేకు కోసే చోట సూదులు!

సహరచయితల్లో పదిమంది 2004లోనే ఆ అభిప్రాయాన్ని వెనక్కి తీసుకున్నారు. వ్యాసం మాత్రం అలాగే ఉండిపోయింది. లాన్సెట్ దాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంది 2010 ఫిబ్రవరిలో. అంటే పన్నెండేళ్లకి! ఆ మే నెలలో అతని పేరు బ్రిటన్ డాక్టర్ల జాబితా నుంచి కొట్టేశారు. 2011లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' ఆ పిల్లల రికార్డులతో పోల్చి చూపించి, ఇది పొరపాటు కాదు, మోసమని రాసింది.

ఆ పిల్లల తల్లుల్ని నేను తప్పు పట్టను. బిడ్డ ఎందుకిలా అయ్యాడో చెప్పేవాడు దొరికితే ఎవరు నమ్మరు? నా కోపమల్లా ఆ పన్నెండేళ్ల మీద. డెన్మార్క్‌లో అయిదు లక్షలకి పైగా పిల్లల్ని పరిశీలించి, ఆ టీకాకీ ఆటిజానికీ సంబంధం లేదని 2002లోనే చెప్పారు. ఇంగ్లండులో మాత్రం నూటికి తొంభై దాటి వేయించేవాళ్లు 2003 నాటికి ఎనభైకి దిగిపోయారు. 2006లో బ్రిటన్‌లో పదమూడేళ్ల కుర్రాడొకడు తట్టుతో చనిపోయాడు. అంతకుముందు పద్నాలుగేళ్లుగా అక్కడ ఆ జబ్బుతో అలాంటి చావు లేదు. అచ్చులో అబద్ధమాడినవాడి పేరు కొట్టేశారు సరే, ఆ కుర్రాడి తల్లికి ఎవరేం రాసిస్తారు?

ఆ వ్యాసం ఇప్పటికీ చదువుకోవచ్చు. ఉపసంహరించామని దాని పేజీల మీద ఎర్రటి అక్షరాలు అడ్డంగా ఉన్నాయి. నా ఫోన్లోకి వచ్చిన మెసేజీలో ఆ ఎర్రక్షరాలు లేవు. దాన్ని నేను మరో ముగ్గురికి పంపి ఉన్నాను కూడా. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పడం, నిజం చెప్పాలంటే, కథ తిరిగొచ్చినప్పటికంటే సిగ్గనిపించింది. ఒకావిడైతే "అయ్యో, నేను మా అక్కావాళ్లకి పంపేశానే!" అంది.

మర్నాడు మావాణ్ణి తీసుకుని ఆరోగ్యకేంద్రానికి వెళ్లాను. బడిలో వేయించుకోని పిల్లలకి అక్కడ వేస్తున్నారు. బల్ల మీద ముందే కూర్చుని ఉన్నారు పక్కింటి పిన్నిగారు, ఒళ్లో మనవరాలితో. నన్నూ, ఎగురుకుంటూ వస్తున్న మావాణ్ణీ చూసి అడిగారు.

"ఏమ్మా, జలుబు తగ్గిందా?"